‘స్టాఫ్’ అన్న నెల్లూరాయన

ఆ ఏడు నేను తిట్టినంతగా మనుషులను ఎప్పుడూ తిట్టలేదు. తిట్టినవాళ్లలో ఒక్కరి మొహం కూడా చూడలేదు. ఒకాయన ఢిల్లీ, ఒకాయన సూరత్, ఇంకొకాయనకు ఊరూ పేరూ లేదు, ఏవో ఇంగ్లీషు అక్షరాలు, పక్కన అంకెలు. అందరూ కంప్యూటర్‌లో మా సామాను వేలం పాడి గెలిచినవాళ్లే. గెలిచి, డబ్బు కట్టకుండా మాయమైనవాళ్లే.

అది రెండు వేల పదకొండు. సకల జనుల సమ్మె వస్తుందని ఆగస్టు నెలలోనే మెదక్‌లో అందరికీ తెలుసు. మా ఆయన జయానందం మెదక్ డిపోలో కండక్టర్. సమ్మె అంటే జీతం ఉండదు. తెలంగాణ రావాలని నాకు మాత్రం లేదా? జెండా పట్టుకుని రాందాస్ చౌరస్తా దాకా నేనూ నడిచాను, గొంతు పోయేలా అరిచాను. కానీ తెల్లారితే బియ్యం డబ్బా మూత తీయాల్సింది కూడా నేనే కదా.

సరిగ్గా అప్పుడే తాజ్ బీ తన పీకో మిషన్ అమ్ముతానంది.

నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. జాకెట్ ఇచ్చే ప్రతి మనిషీ చీర కూడా తెచ్చి, అంచుకు పీకో చేస్తావా అని అడిగేది. నా దగ్గర మామూలు కాలి మిషన్. అందుకని అందరినీ రెండు వీధుల అవతల ఉన్న తాజ్ బీ దగ్గరికి పంపేదాన్ని. ఆమెకు మణికట్లు పట్టేసి పని మానుకోవాల్సి వచ్చింది. మోటారుతో సహా ఆరున్నర వేలు అంది. ఆ మిషన్ నా ఇంట్లో ఉంటే ఎన్ని సమ్మెలు వచ్చినా నా పొయ్యి నేను వెలిగించుకుంటాను. ఆ ఒక్క లెక్క నా తలలో తిరుగుతూనే ఉంది.

"దసరా దాక నీ కోసం ఆపుత బాలమణీ," అంది తాజ్ బీ. "దసరా దాటితే మాత్రం ఎవలొస్తే వాళ్లకే. మాకు గూడ జరూరత్ ఉన్నది గద."

ఇంటికి వచ్చి చెప్పాను. జయానందం లేచాడు. బీరువాలోంచి మా పెళ్లి ఆల్బం తీసి నా ముందు పెట్టాడు.

ఆ ఆల్బంలో మా ఫొటోలు ముందు పదిహేను పేజీలే. వెనక మిగిలిన ప్లాస్టిక్ అరల నిండా నోట్లు, నాణేలు. ఆయన కొలువులో చేరిన కొత్తలో ఒక ముసలాయన టికెట్ కోసం ఐదు రూపాయల నోటు ఇస్తూ, "బేటా, ఇది బిస్మిల్లా నంబర్. వేరే నోటు తెచ్చిస్త, ఎవలకియ్యకు," అన్నాడట. నోటు నంబరు చివర 786 ఉంది. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టాడు. ముసలాయన మళ్లీ రాలేదు. అప్పటినుంచి సంచిలో అలాంటి నోటు పడితే చాలు, తన జేబులోది సంచిలో వేసి, దాన్ని ఇంటికి పట్టుకొచ్చేవాడు. ఆదివారం చర్చికి పోయే మనిషికి ఈ పిచ్చి ఏమిటని మా అత్త నెత్తి కొట్టుకునేది. రూపాయి నుంచి వెయ్యి దాకా తొమ్మిది నోట్లు, అన్నీ 786వే, సెట్టు కుదరడానికి పద్నాలుగేళ్లు పట్టింది. చివరికి రెండు రూపాయల నోటు దొరికిన రోజు జిలేబీ తెచ్చాడు. ఇంట్లో గ్యాస్ అయిపోయి ఉంది, నేను ఆ జిలేబీ పొట్లాన్ని చూసి అరిచిన అరుపు పక్కింటివాళ్లకు ఇంకా గుర్తు.

"అమ్ముదాం," అన్నాడు.

"నీ పానం గద ఇది?"

"పానం ఆల్బంల పెట్టుకొని ఏం జేస్త? సమ్మె ఎన్ని దినాలుంటదో ఎవలకెరుక. నీ చేతిల మిషన్ ఉంటె నాకు ధైర్నం."

నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. వచ్చాయని ఒప్పుకోకుండా, ముందు అన్నం తినమని కసిరాను.

తాజ్ బీ భర్త యూనుస్ భాయ్‌ది ఇంటి ముందు గదిలోనే నెట్ సెంటర్. వేలం సైటు సంగతి చెప్పింది ఆయనే. ఫొటోలు తీసి, ఇంగ్లీషులో రాసి, ఖాతా తెరిచి పెట్టాడు. సెట్టు పెట్టే ముందు చెయ్యి తిరగడానికని చిన్న చిన్నవి పెట్టాం. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం నాణేలు నాలుగు, కువైట్ నుంచి వచ్చినవాళ్లు పొరపాటున సంచిలో వేసిన దీనార్లు, ఇంకా ఇట్లాంటివి.

నిజాం నాణేలు ఢిల్లీ ఆయన గెలిచాడు. రేపు కడతానన్నాడు. మరునాడు అడిగితే మళ్లీ రేపన్నాడు. అట్లా ఏడు రేపులు అయ్యాక జవాబే మానేశాడు. దీనార్లు గెలిచిన సూరత్ ఆయన, తాను పాడలేదని, చిన్న పిల్లవాడు నొక్కాడని రాశాడు. వేలం ముగిసిన గడియకే సైటు తన కమీషన్ రాసుకుంటుంది. గెలిచినవాడు కట్టకపోతే మనం వారం ఆగాలి, ఫిర్యాదు రాయాలి, వాడి జవాబు కోసం మళ్లీ ఆగాలి. అప్పుడు గాని కమీషన్ వెనక్కి రాదు. ఈలోగా నెట్ సెంటర్‌లో గంట గంటకూ మన జేబు ఖాళీ.

"గెలిచిండు గద భాయ్, ఎందుకు కట్టడు?" అని నేను యూనుస్ భాయ్ మీద పడ్డాను, ఆయనేదో సూరత్ నుంచి వచ్చినట్టు.

"పైసలు కడితెనే గెలుపు చెల్లె. లేకుంటె ఉత్తగ చెయ్యి లేపినట్టు," అన్నాడాయన నవ్వుతూ.

సెప్టెంబరు మొదట్లో సెట్టు పెట్టాం. రెండు పేర్లు ఒకదాని మీద ఒకటి పోటీ పడ్డాయి. మూడు వేలు, ఐదు వేలు, ఏడు వేల రెండు వందలు. నేను నిలబడే చూస్తున్నాను, కూర్చోమంటే కాళ్లు వంగలేదు. చివరికి తొమ్మిది వేల నాలుగు వందల దగ్గర ఆగింది. ఆ సాయంత్రం తాజ్ బీ లోపలికి పిలిచి మిషన్ మీది గుడ్డ తీసి చూపించింది. పాత చీర అంచు ఒకటి పెట్టి తొక్కమంది. జర్రున పోయింది కుట్టు. నేను మనసులో దాన్ని మా కిటికీ పక్కన పెట్టేసుకున్నాను కూడా.

గెలిచినవాడు కట్టలేదు. అవతలివాడు ఎంతదాకా పోతాడో చూద్దామని పాడానని రెండు ముక్కలు రాసి ఊరుకున్నాడు. ఆ అవతలివాడిని అడిగితే వాడూ తప్పుకున్నాడు. ఇద్దరూ కలిసి నా తలతో బంతాట ఆడుకున్నారు. ఆ రోజు నేను తిట్టిన తిట్లు యూనుస్ భాయ్ విని, చేతులు జోడించి, పక్క కంప్యూటర్ మీద కాలేజీ పిల్లలున్నారు తల్లీ అన్నాడు.

కొత్త ఖాతాతో మళ్లీ పెట్టాం. ఈసారి ఆరువేల రెండు వందలకు ముగిసింది. గెలిచిన మనిషి ఆ సాయంత్రమే రాశాడు. యూనుస్ భాయ్ చదివాడు: "నమస్తే అన్నా. నా పేరు పెంచలయ్య. నెల్లూరు డిపో కండక్టర్. స్టాఫ్."

జయానందం మొహం చూడాలి అప్పుడు. బంధువు ఎవరో రైలు దిగినట్టు వెలిగింది.

బస్సెక్కిన ఆర్టీసీ మనిషి ఆ ఒక్క మాటే అంటాడు. కండక్టర్ టికెట్ డబ్బులు అడగకుండా తల ఊపి ముందుకు పోతాడు. కార్డు చూడాలని రూలు ఉంది, చూసినవాడిని నేను చూడలేదు. ఆ మాట చెప్పి మోసం చేసినవాడు కూడా తన సర్వీసులో లేడని మా ఆయన గొప్పగా చెప్పేవాడు. బస్సులో ఆ మాట చెల్లుతుంది, సరే. కంప్యూటర్‌లో చెల్లుతుందా?

మా ఆయన మరునాడే నోట్లు అట్టల మధ్య పెట్టి, పోస్టాఫీసులో ఇన్సూరు చేయించి, నెల్లూరుకు పంపేసి వచ్చాడు. పైసా రాకముందే.

"నీకు పిస్స లేసిందా?" అన్నాను. చేతిలో కత్తెర ఉంది, దాన్ని అట్లాగే పట్టుకుని అన్నాను.

"స్టాఫ్ అన్నడు బాలమణీ."

"నేను గూడ అంట. స్టాఫ్! ఇయ్యి నాకు గూడ ఆరువేలు."

"ఫోన్ల మాట్లాడిన. ఆయన బండి డ్రైవర్ ఖాదర్ బాషా ఈ నెలాఖరుకు రిటైరయి దిగిపోతుండంట. పదిహేనేండ్లు ఇద్దరు ఒక్క బండి మీదనే జేసిండ్రంట. ఆయనకు ఇయ్యనీకె కొన్నడు. రేపో మాపో బస్సులు బందైతె పోస్టు గూడ సక్కగ పోదు. ఇప్పుడు పంపకుంటె ఎప్పుడు అందాలె?"

"మరి పైసలు?"

"పంపుతడు."

కత్తెర తీసుకెళ్లి డబ్బాలో పెట్టి మూత వేశాను. లేకుంటే విసిరేదాన్ని.

వారం లోపల పెంచలయ్య ఫోన్ చేశాడు. నోట్లు అందాయట. బ్యాంకు పనులు తనకు చేతకావని, డబ్బు కవర్లో పెట్టి హైదరాబాద్ పోయే బండి కండక్టర్ చేతికి ఇచ్చానని చెప్పాడు. కవర్ మీద జయానందం, కండక్టర్, మెదక్ డిపో అని రాశాడట. ఫోన్ నంబర్ రాశావా అని నేను పక్కనుంచి అడిగించాను. స్టాఫ్ కవర్‌కు పేరు, డిపో చాలన్నాడు. మా ఆయన కూడా చాలని తల ఊపాడు. ఆర్టీసీ వాళ్ల ఉత్తరాలు, మందులు, పచ్చళ్లు అట్లాగే చేయి మారి చేయి మారి ఊళ్లు చేరుతాయట.

ఆ మరునాటి నుంచే బస్సులు ఆగిపోయాయి.

మెదక్ డిపో గేటు మూతపడింది. గేటు ముందు టెంటు వేశారు. మా ఆయన పొద్దున పోయి పొద్దుగూకి వచ్చేవాడు. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు నేనూ పోయి ఉప్మా కలిపాను. అందరి మధ్య ఉంటే ధైర్యంగా ఉండేది, ఇంటికి వస్తే డబ్బాలు కనబడేవి. నెల తిరిగింది. జీతం రాలేదు. కవరూ రాలేదు.

"బస్సులే లేవు, కవర్ ఏడికెల్లి వస్తది?" అన్నాను.

"బస్సులు లేవు గాబట్టే రాలే," అన్నాడు.

ఆ మనిషి నిదానం చూస్తే నాకు ఒళ్లు మండేది. రేపు రేపు అని మాయమైనవాళ్లను అప్పటికే చూశాం. ఈయనగారిది కొత్త పాట ఏమీ కాదు.

బతుకమ్మ పండుగ అయిపోయింది. దసరా నాడు రామాయంపేట నుంచి ఒక బట్టల దుకాణం ఆసామి మోటార్ సైకిల్ మీద వచ్చి మిషన్ చూశాడు. ఏడున్నర వేలు ఇస్తానన్నాడు. తాజ్ బీ నన్ను పిలిచి చెప్పింది.

"దసరా దాక ఆపిన గద బాలమణీ. సోమవారం పైసలు దెస్త అన్నడు. దిల్ చోటా చేసుకోకు."

"నీ తప్పేమున్నది ఆపా? ఆపుతనన్న మాట నిలవెట్టుకున్నవ్," అన్నాను. అని ఇంటికి వచ్చి, గోడకు ఆనుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత మా ఆయన సెల్లు తీసుకుని నెల్లూరుకు కలిపాను.

ఏమేమి అన్నానో అన్నీ రాయను, సిగ్గు. డబ్బు దగ్గర మొదలుపెట్టి నీళ్ల దగ్గరికి, కొలువుల దగ్గరికి పోయాను. "మీరంత గింతే. మా నీళ్లు గుంజుకుంటిరి, మా నౌకర్లు గుంజుకుంటిరి, ఇప్పుడు నా మిషన్ గూడ గుంజుకుంటిరి. మా ఆయన పద్నాలుగేండ్లు ఏరుకున్నడయ్యా ఆ నోట్లు. నీ నోటికి స్టాఫ్ అనే మాట ఎట్లొచ్చింది?"



"పంపించుండా మా. మనోళ్ల చేతికే ఇచ్చుండా," అన్నాడు పెంచలయ్య. "మిషనేంది మా?"

"నా బతుకు," అని పెట్టేశాను.

అక్టోబరు నడిమిలో ఆర్టీసీ వాళ్ల సమ్మె ఆగింది. మొదటి రోజు జయానందం డ్యూటీకి పోతూ ఖాకీ చొక్కా వేసుకుంటే వదులైంది. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను.

ఆ సాయంత్రం ఆయన వెంట దామోదర్ వచ్చాడు. ఆయనదీ మెదక్ డిపోనే, పొద్దున జూబ్లీ బస్టాండ్‌కు పోయిన మొదటి బండి కండక్టర్.

"వదినా, ఇది మీదేనంట," అని ఖాకీ రంగు కవర్ ఒకటి ఇచ్చాడు.

మూలలు నలిగి మెత్తబడ్డాయి. ముందు మా ఆయన పేరు, డిపో. వెనక నాలుగు చేతిరాతలు, ఒక్కొక్కరు తమ పేరు, డిపో, తీసుకున్న తారీఖు. నెల్లూరు ఆయనది. హైదరాబాద్ బండి ఆయనది. తర్వాత పౌలు అని ఒక సిటీ బస్సు కండక్టర్‌ది. చివర దామోదర్‌ది. పౌలు రాసిన తారీఖుకూ దామోదర్ రాసిన తారీఖుకూ మధ్య నెల రోజులు.

"ఎవలన్నా ఈ పౌలు?"

"నాకెరుక లేదు వదినా. ఇయ్యాల్నే జూసిన. జూబ్లీ బస్టాండ్‌ల పొద్దుగాల నుంచి మెదక్ బండి కోసం నిలవడ్డడు. ఇమ్లీబన్ బస్టాండ్‌ల నెల్లూరు బండి ఆయన ఇచ్చిండంట. ఇది తెల్లారి మెదక్ బండికి ఇయ్యాలె అనుకున్నడంట, తెల్లారేసరికి బండ్లే లేవు. ఫోన్ నంబర్ లేదాయె. ఇంట్లనే పెట్టుకున్నడు."

"నెల దినాలు?"

"బియ్యం డబ్బాల పెట్టిన అన్నడు. పిల్లలు ముట్టకుండ."

కవర్ అతికించింది అతికించినట్టే ఉంది. చించాను. ఆరువేల రెండు వందలు.

నేను ఆ డబ్బు పట్టుకుని నిలబడిపోయాను. ఆ పౌలు ఇంట్లో కూడా ఆ నెల జీతం లేదు. ఆయన భార్య కూడా నాలాగే పొద్దున లేచి ఆ డబ్బా మూత తీసి ఉంటుంది. రోజూ తీసి ఉంటుంది. లోపల మందంగా ఒక కవర్ ఉంటుంది, ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్లది. పక్కకు జరిపి బియ్యం కొలుచుకుని మూత పెట్టి ఉంటుంది. ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ప్రార్థనలో పేరు లేకుండానే చెప్పుకుంటాను.

"కవర్ వస్తదన్న గద," అన్నాడు జయానందం. ఎగతాళిగా అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది నాకు.

దామోదర్‌కు చాయ్ పోసి, గల్లాపెట్టెలో ఉన్న మూడు వందలు కలిపి, చెప్పులు వేసుకుని తాజ్ బీ ఇంటికి పరుగు పెట్టాను. మిషన్ ఎప్పుడో రామాయంపేట చేరి ఉంటుందని తెలుసు. తెలిసినా కాళ్లు ఆగలేదు. గుమ్మంలోంచి చూస్తే మూలలో గుడ్డ కప్పి ఉన్న ఆకారం ఒకటి. నేను నమ్మలేదు. గుడ్డ లేపి చూశాను.

"ఆపా, రామాయంపేట ఆయన?"

"సోమవారం వస్త అన్నడు," అంది తాజ్ బీ తమలపాకు నములుతూ. "ఏ సోమవారమో చెప్పలే. ఫోన్ జేస్తె బంద్."

లోపలి నుంచి యూనుస్ భాయ్ కేకేశాడు. "చెల్లె, నీ సూరత్ ఆయన తమ్ముడు!"

ముగ్గురం ఎంత నవ్వామంటే నెట్ సెంటర్‌లో పిల్లలు లేచి వచ్చి చూశారు. కట్టకుండా పోయినవాళ్లను తిట్టీ తిట్టీ అరిగిపోయిన నోరు నాది. ఆ నోటితోనే, మొహం తెలియని ఆ రామాయంపేట ఆసామిని నిండు నూరేళ్లు చల్లగా ఉండమని దీవించాను. తాజ్ బీ డబ్బు తీసుకుని, ఆరున్నరే చాలంది. ఏడున్నర మాట ఎత్తలేదు. పైగా సూదుల డబ్బా ఒకటి, నూనె సీసా ఒకటి నా కొంగులో పెట్టింది.

మిషన్ కిటికీ పక్కన పెట్టాక ఇక తప్పించుకోవడానికి లేదు. సెల్లు తీసుకున్నాను. ఏమనాలో మూడుసార్లు మనసులో చెప్పుకున్నాను. అవతల ఎత్తగానే అన్నీ పోయాయి.

"అన్నా, నేను మెదక్ నుంచి..." అన్నాను. 

"మిషన్ కొన్నావా మా?" అన్నాడు పెంచలయ్య.

అంతే అడిగాడు. కవర్ అందిందా అని కూడా అడగలేదు. నేను అన్న మాటలన్నీ వదిలేసి, ఆ మనిషి అంత దూరాన ఆ ఒక్క ముక్క పట్టుకుని కూర్చున్నాడు. నేను ఏడుస్తూ కొన్నానన్నా అన్నాను. తప్పు మాట్లాడాను, మనసులో పెట్టుకోకు అన్నాను. మా ఇంట్లోనూ ఆడవాళ్లు ఉండారు మా, నాకు తెలీదా అని నవ్వాడు. ఖాదర్ బాషా రిటైర్మెంట్ సభలో ఆ తొమ్మిది నోట్లు చూసి స్టేజీ మీదే కూలబడి ఏడ్చాడని చెప్పాడు. ఆ సంగతి విని జయానందం బయటికి పోయి చాలాసేపు వాకిట్లో నిలబడ్డాడు.

"మీ ఇంటామె చీరలు పంపన్నా. పీకో నేను జేస్త," అన్నాను.

ఆ మిషన్ మా ఇంటిని నిలబెట్టింది. ఇప్పుడు చౌరస్తా పక్క సందులో నాకు షాపు ఉంది, నాలుగు మిషన్లు ఉన్నాయి. ఆల్బంలో వెనక అరలు చాలా రోజులు ఖాళీగా ఉన్నాయి. ఇప్పుడు ఒకదాంట్లో ఆ కవర్ ఉంది. తర్వాత రాష్ట్రం రెండయింది, ఆర్టీసీ కూడా రెండయింది. నెల్లూరు చీరలు మాత్రం ఏడాదికి ఒకసారి ఎవరో ఒకరి చేతుల్లో మెదక్ డిపో దాకా వస్తూనే ఉన్నాయి.

మొదటి మూట ఆ ఏడు దీపావళి అయిన వారానికి వచ్చింది. రెండు వెంకటగిరి చీరలు, పాత పేపర్లో చుట్టి, పైన పేరూ డిపో రాసి. లోపల చీటీ: ఎంతయిందో మూట మీద రాయమ్మా, డబ్బు మనోళ్ల చేతికిస్తాను.

కొత్త మిషన్ మీద నేను అంత నెమ్మదిగా ఎప్పుడూ కుట్టలేదు. రెండు అంచులూ అయ్యాక మడిచి, అదే పేపర్లో చుట్టి, పురికొస కట్టాను. పెన్ను తీసుకుని, పెంచలయ్య, కండక్టర్, నెల్లూరు డిపో అని రాశాను. దాని కింద, ఎంతయిందో రాయాల్సిన చోట, స్టాఫ్ అని రాశాను.